ల్యూషో-డానెన్‌బెర్గ్ జిల్లా: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీలో జిల్లాను లాండ్‌క్రైస్ అంటారు. అలాంటివి 294 ఉన్నాయి. వాటన్నిటిలో జనం అతి తక్కువ ఉన్నది లోయర్ సాక్సనీ రాష్ట్రంలోని ల్యూషో-డానెన్‌బెర్గ్. దీని గురించి అడిగేవాళ్లు ఎక్కువగా రెండు రకాలు: గుండ్రటి ఊళ్లు చూడ్డానికి సైకిలేసుకుని బయల్దేరేవాళ్లు, గోర్లెబెన్ అనే ఊళ్లో అణు వ్యర్థాల గొడవ గురించి చదివి అసలా ఊరెక్కడుందని వెతికేవాళ్లు. ఇద్దరికీ పనికొచ్చేలా రాశాను.

ఈ జిల్లా సరిగ్గా ఎక్కడుంది?

లోయర్ సాక్సనీకి తూర్పు కొసన. హాంబుర్గ్ నుంచి ఆగ్నేయంగా, బెర్లిన్ నుంచి వాయవ్యంగా, ఎల్బే నదికి ఎడమ ఒడ్డున ఉంటుంది. పడమట ల్యూనెబుర్గ్, యూల్ట్సెన్ జిల్లాలు. అవి రెండూ సొంత రాష్ట్రంలోవే. మిగతా వైపులన్నీ పక్క రాష్ట్రాలు: ఉత్తరాన మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పొమెర్న్, ఈశాన్యాన బ్రాండెన్‌బుర్గ్, తూర్పున, దక్షిణాన సాక్సనీ-అన్‌హాల్ట్. ఒక్క జిల్లాకు మూడు పరాయి రాష్ట్రాలతో సరిహద్దు.

ఆ మూడూ ఒకప్పటి తూర్పు జర్మనీలోవి. మ్యాప్ తీసి చూస్తే ఈ జిల్లా పశ్చిమ జర్మనీ నుంచి తూర్పులోకి ముక్కులా పొడుచుకొచ్చి కనిపిస్తుంది. కింద చెప్పబోయే విషయాల్లో సగానికి సగం ఈ ఆకారం వల్ల వచ్చినవే. అందుకే చదివేటప్పుడు మ్యాప్ పక్కన పెట్టుకుంటే మంచిది.

విస్తీర్ణం, జనాభా ఎంత?

విస్తీర్ణం 1,220 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. జనాభా 48–49 వేలు. చదరపు కిలోమీటరుకు 40 మంది. ఇంతకంటే పలచగా జనమున్న జిల్లాలు తూర్పు రాష్ట్రాల్లో ఉన్నాయి గానీ, పాత పశ్చిమ జర్మనీలో లేవు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక తూర్పు నుంచి తరలివచ్చిన శరణార్థులతో ఇక్కడి జనాభా ఒక్కసారిగా పెరిగింది. కానీ పనులు దొరక్క చాలామంది పారిశ్రామిక నగరాలకు వెళ్లిపోయారు. ఇప్పటికీ పెద్ద చదువులకు వెళ్లిన పిల్లలు వెనక్కి రావడం తక్కువే. మరోపక్క హాంబుర్గ్, బెర్లిన్‌ల నుంచి చిత్రకారులు, కుండలు చేసేవాళ్లు, రిటైరైనవాళ్లు వచ్చి పాత ఇళ్లు కొనుక్కుంటున్నారు. కాబట్టి ఊళ్లు ఖాళీగా ఏమీ ఉండవు. వయసు మీరినవాళ్లు ఎక్కువ, అంతే.

వెండ్‌లాండ్ అంటే ఇదేనా?

దాదాపుగా ఇదే. వెండ్‌లాండ్ అన్నది ప్రాంతం పేరు, ల్యూషో-డానెన్‌బెర్గ్ అన్నది పాలనా యూనిట్ పేరు. మధ్యయుగంలో జర్మన్లు తమ తూర్పు పొరుగున ఉన్న స్లావు జనాలను వెండులు అనేవాళ్లు. వాళ్లుండే నేల కాబట్టి ఆ పేరొచ్చింది. స్థానికులు మాటల్లో జిల్లా పేరు వాడేది తక్కువ, వెండ్‌లాండ్ అనే అంటారు. జిల్లా పేరు ఎక్కువగా కారు నంబరు ప్లేటు మీదా, ఆఫీసు ఉత్తరాల మీదా కనిపిస్తుంది.

కొండలున్నాయా? నదులు, అడవులు ఎలా ఉంటాయి?

కొండలంటే మరీ ఊహించుకోవద్దు. పడమటి వైపు డ్రావేన్ అనే మిట్ట ప్రాంతముంది. హిమయుగంలో మంచు పలకలు తోసుకొచ్చి పడేసిన ఇసుక, రాళ్ల కుప్ప అది. అందులో అన్నిటికంటే ఎత్తైన హోహెర్ మెఖ్టిన్ 142 మీటర్లే. అయితే చుట్టూ నేల బల్లపరుపు కావడంతో ఆ మాత్రం ఎత్తు కూడా దూరం నుంచే తెలిసిపోతుంది.

జిల్లా నడుమ దక్షిణం నుంచి ఉత్తరానికి యేట్సెల్ నది పారుతుంది. వుస్ట్రో, ల్యూషో, డానెన్‌బెర్గ్ పట్టణాలు వరసగా దాని ఒడ్డునే ఉన్నాయి. హిట్సాకర్ దగ్గర అది ఎల్బేలో కలుస్తుంది. వాయవ్యాన గోర్డె అడవి. హానోవర్ రాజులు, తర్వాత జర్మన్ చక్రవర్తులు అక్కడికి వేటకొచ్చేవాళ్లు. తూర్పున గార్టో చుట్టూ ఇసుక నేల మీద పైన్ అడవులు. 1975 ఆగస్టులో అక్కడ పెద్ద కార్చిచ్చు రేగింది. కాలిపోయిన చోట కొంత భాగంలో మళ్లీ చెట్లు నాటకుండా వదిలేశారు. ఇప్పుడది ఆగస్టులో ఊదా రంగు పూలతో నిండే నెమిట్స్ బీడు.

ఎల్బే ఒడ్డు పచ్చికబయళ్లు వేరే లోకం. కొంగలు, బకాలు, తెల్లతోక గద్దలు, నీటికుక్కలు, చెట్లు కొరికే బీవర్లు. ఈ తీరాన్ని 2002లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దాని కార్యాలయం హిట్సాకర్‌లోనే ఉంది.

ఎల్బే వరదలు ఎక్కువా?

ఎక్కువే. హిట్సాకర్ పాత ఊరు యేట్సెల్ పాయల నడుమ ఒక దీవి మీద ఉంది. చూడముచ్చటైన చోటు, కానీ నీళ్లు రావడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. 2002లో ఊరు మునిగింది, 2006లో మళ్లీ మునిగింది. 2008కి వరద గోడ, పంపింగ్ స్టేషన్ పూర్తయ్యాయి. నదిని ఊరికి కనబడకుండా చేస్తారా అని గోడ కట్టేముందు పెద్ద చర్చే జరిగింది. 2013లో ఎల్బే అంతకుముందెప్పుడూ లేనంత ఎత్తుకు వచ్చినా పాత ఊరు తడవలేదు. దాంతో గోడ గురించిన చర్చ కూడా చప్పబడింది.

గుండ్రటి ఊళ్లు అంటున్నారు, అవేమిటి?

వాటిని రుండ్లింగ్ అంటారు. ఊరి మధ్యలో ఖాళీ మైదానం, నాలుగైదు ఓక్ చెట్లు. దాని చుట్టూ వలయంగా ఇళ్లు, ప్రతి ఇంటి ముఖం మధ్యకే తిరిగి ఉంటుంది. ఇంటి వెనక దొడ్డి, దాని వెనక తోట, ఆ వెనక పొలం. వెనక్కి వెళ్లేకొద్దీ స్థలం వెడల్పవుతూ పోతుంది. ఊళ్లోకి పాతకాలంలో ఒక్కటే దారి. వచ్చిన దారినే బయటికి పోవాలి. చర్చి ఉన్న ఊళ్లలో చర్చి వలయానికి బయట ఉంటుంది. ఊరు కట్టిన చాలాకాలానికి గానీ చర్చి రాలేదన్నమాట.

ఇళ్లు పెద్దవి. ఒకే కప్పు కింద మనుషులు, పశువులు, గడ్డి, ధాన్యం అన్నీ ఉండేవి. ముందు గోడంతా కొయ్య చట్రం, మధ్యలో ఇటుకలు. గడ్డిబండి తిన్నగా లోపలికి వెళ్లేటంత పెద్ద తలుపు. ఆ తలుపు పైదూలం చదవకుండా ముందుకు కదలకండి: ఇల్లు కట్టించిన భార్యాభర్తల పేర్లు, వడ్రంగి పేరు, తేదీ, ఒక బైబిల్ వాక్యం చెక్కి ఉంటాయి. భార్య పుట్టింటి పేరు కూడా ఉంటుంది. ఇంత పెద్ద ఇళ్లు కట్టడానికి వెనక అవిసె నార ఉంది. 18, 19 శతాబ్దాల్లో ఇక్కడ ఇంటింటా నార వడికి, బట్ట నేసి అమ్మేవాళ్లు.

శత్రువుల నుంచి కాపాడుకోవడానికే ఊళ్లను గుండ్రంగా కట్టారని పాత పుస్తకాల్లో రాశారు, ఇప్పటికీ చాలామంది అదే చెబుతారు. పరిశోధకులు ఆ మాట ఒప్పుకోవట్లేదు. 12వ శతాబ్దంలో జర్మన్ ప్రభువులు స్లావు రైతులను తెచ్చి ఒక పద్ధతి ప్రకారం కొత్త ఊళ్లు వేయించారని, ఈ ఆకారం ఆ ప్రణాళికలో భాగమేనని ఇప్పటి అంచనా. నాకూ అదే సబబనిపిస్తుంది. ఊరి వెనక వైపంతా తోటలే ఉంటే శత్రువు ముందుదారినే ఎందుకొస్తాడు?

చూడాలంటే ల్యూబెల్న్‌లో మ్యూజియం ఉంది, అక్కడ మొదలుపెట్టండి. తర్వాత సాటెమిన్. 1850లో ఆ ఊరు తగలబడిపోయింది. ఇళ్లన్నీ ఇంచుమించు ఒకేసారి మళ్లీ కట్టుకున్నారు కాబట్టి వలయమంతా ఒకే తీరున, అన్నదమ్ముల్లా నిలబడి ఉంటుంది. ఒక్క మనవి: మధ్య మైదానం పార్కు లాగా కనిపించినా చుట్టూ ఉన్నవి జనం కాపురముంటున్న ఇళ్లు. కిటికీల్లోకి కెమెరా పెట్టకండి.

స్లావు భాష ఇంకా ఎవరైనా మాట్లాడతారా?

లేదు. ఆ భాషను పండితులు పొలాబియన్ అంటారు. పోలిష్, చెక్ భాషల కుటుంబానికి చెందినది. ఎల్బే ఒడ్డునున్న మిగతా స్లావు జనాలంతా జర్మన్‌కు మారిపోయాక కూడా ఈ మూలన మాత్రం 18వ శతాబ్దం దాకా బతికింది. బయటివాళ్లు రాని చోటు కావడమే కారణం.

చనిపోతున్న భాషను పట్టుకుని రాసిపెట్టింది ఇద్దరు. ఒకరు వుస్ట్రో పాస్టర్ క్రిస్టియాన్ హెన్నిష్. ఆయన ఊళ్లోవాళ్లను కూర్చోబెట్టి మాటలు చెప్పించుకుని నిఘంటువు తయారుచేశాడు. రెండోవాడు సూటెన్ ఊరి రైతు, సారాయి దుకాణదారు యోహాన్ పారుమ్ షుల్ట్సె. ఈయన 1677లో పుట్టి 1740లో పోయాడు. పెద్ద చదువులు లేవు, కానీ ఊరి చరిత్ర రాస్తూ తన భాష మాటలూ రాసిపెట్టాడు. 1725 ప్రాంతంలో రాసిన ఒక చోట ఆయన అన్నదాని సారాంశం ఇది: నాకిప్పుడు 47 ఏళ్లు, నేనూ, మా ఊళ్లో మరో ముగ్గురూ పోయామంటే వెండు భాషలో కుక్కను ఏమంటారో కూడా సరిగ్గా ఎవరికీ తెలియదు. అంతా అయిపోయాక బయటివాళ్లు రాసిన సంతాపం కాదిది. మాట్లాడేవాడే కూర్చుని లెక్కేసుకున్నాడు.

తత్వవేత్త లైబ్నిట్స్ కూడా ఈ భాష మీద ఆసక్తితో 1691లో ల్యూషో అధికారి ఒకరి ద్వారా క్రైస్తవ ప్రార్థన పాఠం తెప్పించుకున్నాడు. చివరగా ఈ భాష తెలిసిన వృద్ధురాలు 1756లో చనిపోయిందంటారు. ఇప్పుడు మిగిలినవి ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు.

మధ్యయుగంలో ఎవరు ఏలారు?

ల్యూషోలో ఒక కౌంటు (సామంత ప్రభువు) వంశం, డానెన్‌బెర్గ్‌లో ఇంకొక కౌంటు వంశం. 14వ శతాబ్దం మొదట్లో రెండూ ల్యూనెబుర్గ్ ప్రభువుల చేతిలోకి పోయాయి. జిల్లా పేరులో రెండు ఊళ్లు జంటగా ఉండటానికి మూలం అక్కడే ఉంది. ఆ రెండు ఊళ్ల మధ్య పోటీ ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

అప్పటి కథల్లో డెన్మార్క్ రాజుది చెప్పుకోవాలి. 1223లో ష్వెరిన్ కౌంటు హైన్రిష్, రెండో వాల్డెమార్ రాజును వేటకొచ్చిన దీవిలో రాత్రికి రాత్రి ఎత్తుకొచ్చాడు. 1225 దాకా చెరలో పెట్టారు, అందులో కొంతకాలం డానెన్‌బెర్గ్ కోటలో. బాల్టిక్ తీరమంతా తన గుప్పిట పెట్టుకున్న రాజు ఇక్కడ బందీగా కూర్చున్నాడు. కోటలో మిగిలిన గుండ్రటి బురుజును వాల్డెమార్ బురుజు అంటారు. అందులో ఇప్పుడు మ్యూజియం ఉంది. ల్యూషో కోట 1811 అగ్నిప్రమాదంలో ఊరితో పాటు కాలిపోయింది, దానిదీ ఒక బురుజే మిగిలింది.

హిట్సాకర్‌కు ఇంకో రకం గొప్ప ఉంది. 1604 నుంచి అక్కడున్న ఆగస్ట్ ప్రభువు పుస్తకాల పిచ్చివాడు. ఆయన అక్కడ పోగేసిన పుస్తకాలే తర్వాత వోల్ఫెన్‌బ్యూటెల్‌లోని ప్రసిద్ధ గ్రంథాలయానికి మొదలు. నెదర్లాండ్స్ మాజీ రాణి బియాట్రిక్స్ భర్త క్లాస్ కూడా 1926లో హిట్సాకర్ దగ్గరే పుట్టాడు.

గోర్డె యుద్ధం సంగతేమిటి?

నెపోలియన్ సేనల మీద 1813 సెప్టెంబర్ 16న గోర్డె అడవి దగ్గర మిత్రపక్షాలు గెలిచాయి. పెద్ద యుద్ధమేమీ కాదు. జనానికి గుర్తున్నది ఎలియోనోరె ప్రోహాస్కా వల్ల. మగవేషంలో, మగపేరుతో సైన్యంలో చేరి, గాయపడ్డాక గానీ ఆడపిల్లని బయటపడలేదు. అక్టోబర్ 5న డానెన్‌బెర్గ్‌లో చనిపోయింది.

ఈ జిల్లా ఎప్పుడు ఏర్పడింది?

ఈ ప్రాంతం హానోవర్ రాజ్యంలో ఉండేది. 1866లో ప్రష్యా దాన్ని కలిపేసుకుంది. 1885లో ప్రష్యా పద్ధతిలో ల్యూషో, డానెన్‌బెర్గ్ అని రెండు వేర్వేరు జిల్లాలు చేశారు. 1932లో ఖర్చు తగ్గించుకోవడానికి రెండూ కలిపి డానెన్‌బెర్గ్ జిల్లా అన్నారు, కేంద్రం డానెన్‌బెర్గ్. 1951లో కేంద్రాన్ని ల్యూషోకు మార్చి, పేరును ల్యూషో-డానెన్‌బెర్గ్ చేశారు. అంటే కలెక్టరేట్ ల్యూషోకు పోయింది, పేరులో చోటు ఇద్దరికీ దక్కింది. కోర్టు, ఆసుపత్రి, రైల్వే స్టేషన్ డానెన్‌బెర్గ్‌లోనే ఉన్నాయి.

జర్మనీ రెండుగా ఉన్నప్పుడు ఇక్కడ ఎలా ఉండేది?

మూడు వైపులా ముళ్లకంచె. ల్యూషో నుంచి దక్షిణాన పదమూడు పద్నాలుగు కిలోమీటర్లలో ఉన్న సాల్ట్స్‌వెడెల్ అంతకుముందు సంతకు వెళ్లొచ్చే ఊరు, 1952 తర్వాత పరాయి దేశం. ఎల్బే అవతలి ఒడ్డు కనిపించేది, అక్కడి చుట్టాలకు చెయ్యి ఊపొచ్చు, అంతే. సరిహద్దు గీత నదిలో ఎక్కడుందన్న దాని మీదా తగువే. నది మధ్యలో అని తూర్పువాళ్లు, అవతలి గట్టున అని పశ్చిమంవాళ్లు. 1966లో గోర్లెబెన్ దగ్గర పశ్చిమం వాళ్ల సర్వే ఓడకు, తూర్పు గస్తీ పడవలకు మధ్య తుపాకులు ఎక్కుపెట్టేదాకా వెళ్లింది.

ఆ కాలం చూడాలంటే డోమిట్స్ వంతెన దగ్గరికి వెళ్లండి. 1873లో పూర్తయిన రైలు వంతెన అది, 1945 ఏప్రిల్ 20న విమాన దాడిలో కూలింది. మళ్లీ కట్టాల్సిన అవసరం రెండు దేశాలకూ కనబడలేదు. పశ్చిమ గట్టున రాతి బురుజు, దాని వెనక పచ్చికబయలు మీద ఇనుప కమానులు వరసగా నడిచి, నీళ్ల ముందు ఠక్కున ఆగిపోతాయి. పక్కనే ఉన్న రోడ్డు వంతెనదీ అదే గతి. దాన్ని మాత్రం 1992 డిసెంబర్‌లో మళ్లీ కట్టి తెరిచారు.

హోబెక్ మిట్ట మీద పొడవాటి టవరు కనబడితే అదేమిటని అడుగుతారు. పశ్చిమ బెర్లిన్‌కు ఫోన్ కాల్స్ తూర్పు జర్మనీ నేల మీదుగా గాల్లో పంపడానికి కట్టిన వాటిలో ఒకటది. రెండు పెద్దవి ఉండేవి, ఒకదాన్ని 2009లో పేల్చి కూల్చేశారు.

గోర్లెబెన్ గొడవ ఎలా మొదలైంది?

1977 ఫిబ్రవరి 22న లోయర్ సాక్సనీ ముఖ్యమంత్రి ఎర్న్‌స్ట్ ఆల్బ్రెష్ట్, అణు వ్యర్థాల కేంద్రం గోర్లెబెన్‌లో కడతామని ప్రకటించాడు. వాడేసిన ఇంధనం నుంచి ప్లుటోనియం వేరుచేసే కర్మాగారం, భూమి లోపలి ఉప్పు పొరలో వ్యర్థాలు శాశ్వతంగా దాచే గని, అన్నీ ఒకే చోట. ఉప్పు గుట్టలు ఉత్తర జర్మనీలో చాలాచోట్ల ఉన్నాయి. మరి ఇక్కడే ఎందుకు? జనం తక్కువ, పనుల్లేవు, మూడు వైపులా సరిహద్దు, ఓట్లు సంప్రదాయ పార్టీకే. ఎవరూ నోరెత్తరనుకున్నారు. ఉప్పు నాణ్యత కంటే ఈ లెక్కే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం. 2020లో జరిగినది కింద చదివితే మీకూ అదే అనిపించవచ్చు.

జనం నోరెత్తారు. ఆ ఏడే పౌర సంఘం ఏర్పడింది. రైతులు వేరుగా తమ సంఘం పెట్టుకున్నారు. అడవి యజమాని కౌంట్ బెర్న్‌స్టోర్ఫ్ ఎంత ధర ఇస్తామన్నా భూమి అమ్మనన్నాడు. 1979 మార్చి చివర రైతులు ట్రాక్టర్లు వేసుకుని వారం రోజుల పాటు రాజధాని హానోవర్‌కు ఊరేగింపుగా వెళ్లారు. వాళ్లు దారిలో ఉండగానే, మార్చి 28న, అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ రియాక్టర్ ప్రమాదం జరిగింది. 31న హానోవర్ చేరేసరికి సుమారు లక్షమంది గుమిగూడారు. మే నెలలో ఆల్బ్రెష్ట్ వెనక్కి తగ్గాడు. కర్మాగారం సాంకేతికంగా సాధ్యమే గానీ రాజకీయంగా సాధ్యం కాదన్నాడు. గని పని మాత్రం ఆగలేదు.

1980 మే 3న ఉప్పు పొర లోతు చూసే బోరు స్థలం 1004ను ఆందోళనకారులు ఆక్రమించి, అడవి కొయ్యతో ఊరే కట్టేశారు. స్వేచ్ఛా వెండ్‌లాండ్ గణతంత్రం అని పేరు. వంటశాల, స్నానాల గది, సరిహద్దు గేటు, పాస్‌పోర్టు మీద ముద్ర, సొంత రేడియో కూడా ఉన్నాయి. నెల తర్వాత, జూన్ 4న వేలమంది పోలీసులు వచ్చి ఖాళీ చేయించి గుడిసెలు నేలమట్టం చేశారు. రేడియో చివరిదాకా ప్రసారం చేస్తూనే ఉంది.

కాస్టర్ రైళ్లంటే ఏమిటి?

కాస్టర్ అనేది అణు వ్యర్థాలు పెట్టే భారీ ఇనుప పెట్టె. ఎక్కువగా ఫ్రాన్స్‌లోని లా హాగ్‌లో శుద్ధిచేసిన జర్మన్ వ్యర్థాలు వీటిలో రైల్లో డానెన్‌బెర్గ్ దాకా వచ్చేవి. అక్కడ లారీల మీదికి మార్చి, చివరి ఇరవై కిలోమీటర్లు రోడ్డు మీద గోర్లెబెన్‌కు తీసుకెళ్లేవాళ్లు. 1995 ఏప్రిల్ నుంచి 2011 నవంబర్ దాకా ఇలా పదమూడు సార్లు వచ్చాయి.

వచ్చిన ప్రతిసారీ జిల్లా అంతా టెన్షన్. పోలీసులే వేలల్లో. ఊళ్లోవాళ్లు పట్టాల మీద కూర్చునేవాళ్లు. రైతులు ట్రాక్టర్లు అడ్డంపెట్టేవాళ్లు, గొర్రెలను రోడ్డెక్కించేవాళ్లు. ఇంటింటి గేటుకూ పసుపు రంగు కొయ్య అడ్డగుర్తు. 2011లో హిట్సాకర్ దగ్గర నలుగురు రైతులు పట్టాల మీద సిమెంటు పిరమిడ్‌కు తమని తాము బిగించుకున్నారు. పోలీసులు గంటల తరబడి ప్రయత్నించినా విడదీయలేకపోయారు. ఆ ఏడు రైలు గమ్యం చేరడానికి ఐదు రోజులు దాటింది. ఆందోళనకారులకు టీ, సూపు, పడుకోవడానికి గడ్డివామి ఇచ్చింది మామూలు రైతు కుటుంబాలే. ఇది బయటినుంచి వచ్చిన కుర్రాళ్ల గొడవే అని అప్పట్లో రాసినవాళ్లు ఆ వంటశాలలు చూసి ఉండరు.

ఆ పెట్టెలు ఇప్పుడు భూమిలో పాతిపెట్టారా?

లేదు. దీని మీద అపోహ చాలా ఉంది. 113 పెట్టెలు గోర్లెబెన్‌లో నేల మీదే, అడవి మధ్య ఒక హాల్లో నిలబెట్టి ఉన్నాయి. అది తాత్కాలిక నిల్వ. అనుమతి 2034 దాకా. పక్కనే 840 మీటర్ల లోతున సొరంగాలు తవ్విన ఉప్పు గనిలో ఒక్క గ్రాము వ్యర్థం కూడా పెట్టలేదు.

2013లో కొత్త చట్టం చేసి, దేశమంతటా మొదట్నుంచి వెతుకుదామన్నారు. 2020 సెప్టెంబర్ 28న వచ్చిన మధ్యంతర నివేదికలో గోర్లెబెన్ ఉప్పు గుట్ట పనికిరాదని, పై పొరలు రక్షణ ఇచ్చేలా లేవని తేల్చి జాబితా నుంచి తీసేశారు. 43 ఏళ్ల తర్వాత. 2021లో గని మూసివేత నిర్ణయమైంది. తవ్వి పోసిన ఉప్పును మళ్లీ అందులోనే నింపుతున్నారు. పెట్టెలు మాత్రం ఎక్కడికి పోవాలో తేలేదాకా ఇక్కడే ఉంటాయి. 2034లోగా తేలే సూచన లేదు.

జిల్లాను ఎవరు నడుపుతారు? కలెక్టర్ ఉంటాడా?

మన కలెక్టర్ ప్రభుత్వం నియమించే ఐఏఎస్ అధికారి. ఇక్కడ జిల్లా పెద్దను లాండ్‌రాట్ అంటారు, మహిళైతే లాండ్‌రేటిన్. ఆ పదవికి ప్రజలే నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు. పక్కన జిల్లా సభ ఉంటుంది, దానికి ఐదేళ్లకోసారి ఎన్నికలు. ఈ రాష్ట్రంలో స్థానిక ఎన్నికల్లో 16 ఏళ్లు నిండినవాళ్లకు ఓటుంది. జర్మన్లే కానక్కర్లేదు, యూరోపియన్ యూనియన్ దేశాల పౌరులూ వేయొచ్చు. భారత పాస్‌పోర్టుతో మాత్రం కుదరదు.

లాండ్‌రాట్ ఆఫీసు రెండు రకాల పనులు చేస్తుంది. కొన్ని జిల్లా సొంతవి: పెద్ద స్కూళ్లు, చెత్త సేకరణ, బస్సులు. కొన్ని రాష్ట్రం అప్పగించినవి: వాహనాల రిజిస్ట్రేషన్, విదేశీయుల వ్యవహారాలు. పోలీసులు దీని కింద ఉండరు, వాళ్లు రాష్ట్రానికి చెందుతారు. అందుకే కాస్టర్ రోజుల్లో లాఠీలు ఊపినవాళ్ల మీద జిల్లా సభకు ఏ అధికారమూ లేకపోయింది.

జిల్లాకు, రాష్ట్రానికి మధ్య ల్యూనెబుర్గ్‌లో ఒక ప్రాంతీయ కార్యాలయం ఉండేది. 2004 చివర్లో రాష్ట్రమంతటా వాటిని ఎత్తేశారు.

జిల్లా కింద ఏముంటాయి?

27 మునిసిపాలిటీలు. వాటిలో ఐదు పట్టణాలు: ల్యూషో, డానెన్‌బెర్గ్, హిట్సాకర్, వుస్ట్రో, ష్నాకెన్‌బుర్గ్. చివరిదానిలో ఐదారు వందల మందే ఉంటారు. పాత హోదా కాబట్టి పట్టణమే. జర్మనీలోని అతి చిన్న పట్టణాల్లో అదొకటి.

ఇంత చిన్నవి విడివిడిగా ఆఫీసులు పెట్టుకోలేవు. అందుకని కొన్ని కలిసి సమ్మేళన మునిసిపాలిటీగా ఏర్పడతాయి, పేరు జామ్ట్‌గెమైండె. ఊరి సర్పంచి, ఊరి సభ ఊరికే ఉంటాయి. గుమాస్తాలు, రికార్డులు, అగ్నిమాపక దళం, చిన్న పిల్లల బడి సమ్మేళనం చేతిలో ఉంటాయి. ఇక్కడ మూడున్నాయి: ఎల్బ్‌టాల్‌ఆవె కింద 10 మునిసిపాలిటీలు, గార్టో కింద 5, ల్యూషో కింద 12. మొదటిదాన్నీ చివరిదాన్నీ 2006 నవంబర్‌లో పాత సమ్మేళనాలను కలిపి చేశారు. జిల్లానే రద్దుచేసి మొత్తాన్ని ఒకే పెద్ద సమ్మేళనం చేద్దామన్న ఆలోచన కూడా అప్పట్లో నడిచింది గానీ నిలబడలేదు.

ఇవిగాక గార్టో, గోర్డె అడవుల్లో ఏ మునిసిపాలిటీకీ చెందని నేల ఉంది.

ఉద్యోగానికి అక్కడికి వెళ్తే ఏ పనికి ఏ ఆఫీసు?

ఆసుపత్రి, వృద్ధాశ్రమాల ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు అడిగే ప్రశ్న ఇది. ఇల్లు దొరకగానే చిరునామా నమోదు మీ సమ్మేళన మునిసిపాలిటీలో. వీసా పొడిగింపు, నివాస అనుమతి ల్యూషోలోని జిల్లా ఆఫీసులో. కారు రిజిస్ట్రేషన్ కూడా అక్కడే. బెర్లిన్‌లో అపాయింట్‌మెంటు కోసం నెలలు పడిగాపులు కాసిన వాళ్లతో పోలిస్తే చిన్న జిల్లాలో గుమాస్తా మిమ్మల్ని పేరుతో గుర్తుపట్టే అవకాశముంది. జర్మన్ మాత్రం వచ్చి తీరాలి. డ్రైవింగ్ కూడా.

జనం దేని మీద బతుకుతారు?

బంగాళాదుంప, ధాన్యం, చక్కెర దుంప. ల్యూషోలో బంగాళాదుంప నుంచి పిండి తీసే ఫ్యాక్టరీ, బేరింగుల ఫ్యాక్టరీ ఉన్నాయి. హోబెక్ దగ్గర పెవెస్టోర్ఫ్‌లో ఫోల్కెల్ వాళ్ల పళ్లరసాలు తయారవుతాయి, ఆ సీసాలు జర్మనీ అంతటా ఆర్గానిక్ షాపుల్లో దొరుకుతాయి. సేంద్రియ వ్యవసాయం, బయోగ్యాస్, సోలార్ మీద ఇక్కడి పట్టుదల అణు వ్యతిరేక పోరాటం నుంచే వచ్చింది. వద్దంటున్నారు సరే, మరి కరెంటెలా అని అడిగినవాళ్లకు జవాబివ్వాల్సి వచ్చింది కదా. 2006లో యామెల్న్ అనే ఊళ్లో వాహనాలకు బయోగ్యాస్ నింపే బంకు పెట్టారు, జర్మనీలో అది మొదటిది.

ఎలా వెళ్లాలి?

జిల్లాలో ఒక్క కిలోమీటరు కూడా ఆటోబాన్ (ఎక్స్‌ప్రెస్ హైవే) లేదు. ప్యాసింజరు రైలు ఒకటే: ల్యూనెబుర్గ్ నుంచి హిట్సాకర్ మీదుగా డానెన్‌బెర్గ్‌కు, గంట పైచిలుకు ప్రయాణం. జిల్లా కేంద్రమైన ల్యూషోకు రైలే లేదు, బస్సెక్కాలి. దేశమంతా ప్రాంతీయ రైళ్లు, బస్సుల్లో తిరగడానికి పనికొచ్చే నెలవారీ డాయ్‌చ్‌లాండ్ టికెట్ ఈ రైల్లో చెల్లుతుంది. రైళ్లు అరుదు, తిరుగు రైలు టైము చూసుకున్నాకే బయల్దేరండి.

ఎల్బే దాటడానికి జిల్లాలో డోమిట్స్ వంతెన ఒక్కటే. మిగతాచోట్ల ఫెర్రీలు: నాయ్ డార్ఖావ్, హిట్సాకర్, పెవెస్టోర్ఫ్, ష్నాకెన్‌బుర్గ్. నీళ్లు మరీ తగ్గినా, మరీ పెరిగినా, గడ్డకట్టినా ఇవి ఆగిపోతాయి. నాయ్ డార్ఖావ్ దగ్గర వంతెన కట్టాలని అవతలి గట్టువాళ్లు దశాబ్దాలుగా అడుగుతున్నారు, ఇవతల ఊళ్లోవాళ్లు ట్రాఫిక్ పెరుగుతుందని వద్దంటున్నారు.

ఏ కాలంలో వెళ్తే బాగుంటుంది?

మే, జూన్. ఈస్టర్ తర్వాత వచ్చే ఆరోహణ పండుగ నుంచి పెంతెకొస్తు దాకా పన్నెండు రోజులు కుల్టురెల్లె లాండ్‌పార్టీ జరుగుతుంది. ఊరూరా కళాకారులు దొడ్లు, కొట్టాలు తెరిచి పెడతారు. కుండలు, బొమ్మలు, పాటలు, ఇంట్లో చేసిన కేకులు. ఇదీ అణు పోరాటంలోంచి పుట్టిందే. ఆ రోజుల్లో గది దొరకడం కష్టం, ఎవరి గొడవా లేకుండా ఊళ్లు చూడాలనుకుంటే సెప్టెంబర్ మేలు. హిట్సాకర్‌లో 1946 నుంచి జరుగుతున్న సంగీతోత్సవం వేసవిలో ఉంటుంది.

కారు నంబరు ప్లేటు మీద ఏ అక్షరాలుంటాయి?

డి, ఏ, ఎన్. డానెన్‌బెర్గ్‌కు గుర్తు. కేంద్రం ల్యూషోకు పోయినా అక్షరాలు మాత్రం డానెన్‌బెర్గ్‌వే.